బిమ్లాకు రాని మాట

"ఆ పెట్టె మూత వెయ్యకు, భగవాన్! ఆయన ఇంకా ఒప్పుకోలేదు."

బిమ్లా గుమ్మంలోంచే అరిచింది. మంచం మీద రేకుపెట్టె తెరిచి ఉంది. భగవాన్ తన పినతండ్రి చొక్కాలు ఒక్కొక్కటే మడిచి అందులో పెడుతున్నాడు. చెరుకు నరికి నరికి కాయలు కాసిన చేతులవి. అయినా మడత చెదరకుండా ఎంతో పొందిగ్గా సర్దుతున్నాడు. ఆ శ్రద్ధ చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండింది.

"నేనేమన్నా శత్రువునా చాచీ?" అన్నాడు తల ఎత్తకుండానే. "మా దీవిలో, లంబాసాలో ఇల్లుంది, పొలముంది. చాచాని వరండాలో కూర్చోబెట్టుకుని నా పిల్లలు అన్నం తినిపిస్తారు. ఇక్కడ ఏముంది? నెలాఖరుకి ఈ క్వార్టర్సు ఖాళీ చెయ్యమని గోల్ఫ్ క్లబ్బువాళ్ళు చెప్పనే చెప్పారు. ఆస్ట్రేలియా నుంచి ఆట నేర్పడానికి కొత్త ప్రో దిగుతున్నాడు. అప్పుడేం చేస్తారు?"

"దిగినప్పుడు చూద్దాం."

"ఆదివారం పొద్దున ఇక్కడ లౌటోకాలో బస్సెక్కితేనే సువాలో ఓడ అందుతుంది."

"ఆ ఒక్క ఓడేనా ప్రపంచంలో?"

కుర్చీలో కూర్చున్న అప్పన్న ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. చచ్చుపడిన కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక అతనికి అందరి మాటలూ అర్థమవుతున్నాయి. హిందీ, ఇంగ్లీషు, అన్నీ. కానీ నోరు తెరిస్తే ఆ రెండూ రావు. సువా జడ్జీలకూ వటుకౌలా గనుల ఆఫీసర్లకూ గోల్ఫ్ నేర్పిన ఇంగ్లీషు, బిమ్లాతో ఇన్నేళ్ళు కాపురం చేసిన హిందీ ఒక్క పూటలో ఎటు పోయాయో పోయాయి. మిగిలింది తల్లి ఒళ్ళో నేర్చిన తెలుగు. అదీ ముక్కలు ముక్కలుగా.

"కొందరికి ఇలాగే అవుతుంది," అన్నాడు డాక్టరు. "మొదట నేర్చింది మొదట తిరిగొస్తుంది. తక్కినవి రావచ్చు, రాకపోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. తల ఊపడం మాత్రం నమ్మకండి. అవునన్నా కాదన్నా ఇప్పుడు ఒకేలా ఊపుతాడు."

ఆ ఇంట్లో తెలుగు వచ్చిన మనిషి ఇక ఒక్కతే, అతని తల్లి మునెమ్మ. బిమ్లా పుట్టిల్లు రాకిరాకి ఊళ్ళో, హిందీ మాట్లాడే ఇల్లు. భగవాన్ మునెమ్మకు చనిపోయిన పెద్దకొడుకు కొడుకే అయినా, గుళ్ళో పాడే రెండు భజనలు తప్ప తెలుగు ఎరగడు. ఇరవై ఏళ్ళకు పైగా మునెమ్మ కొడుకుతో తెలుగులోనూ కోడలితో హిందీలోనూ మాట్లాడుతూ వచ్చింది. తన ఎదటే తనకు తెలియని భాషలో తల్లీకొడుకులు నవ్వుకుంటుంటే, నా గురించేనని కొత్తలో బిమ్లా ఏడ్చేది. తరవాత తరవాత వినడం మానేసింది.

"మీరిద్దరూ కొట్టుకోవడం ఎందుకు? వాణ్ణే అడిగితే పోతుందిగా."

మునెమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి కొడుకు ముందు నేలమీద కూర్చుంది. తెలుగులో ఏదో అడిగింది. లంబాసా అన్న పేరు తప్ప బిమ్లాకు ఏమీ అందలేదు.

అప్పన్న పెదవులు కూడదీసుకున్నాడు. మెడ నరాలు బిగిశాయి.

"పో... పోను," అన్నాడు.

మునెమ్మ ఒక్క క్షణం కొడుకు మొహంలోకి చూసింది. తరవాత మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, పైట సర్దుకుని, హిందీలో చెప్పింది.

"వెళ్తానంటున్నాడు."

అప్పన్న ఎడమచేత్తో కుర్చీని దబదబా బాదాడు. "పోను! పోను!"

"తొందరగా వెళ్దామంటున్నాడు," అంది మునెమ్మ గోడవైపు తిరిగి.

అప్పన్న తల్లిని చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే అతని కళ్ళు నిండాయి.

ఇంటిని వదలలేక బాధపడుతున్నాడనుకుంది బిమ్లా. ఇన్నాళ్ళూ తను పోట్లాడింది ఎవరి తరఫున? ఆయనే వెళ్తానంటుంటే అడ్డం పడడానికి తనెవరు? తీగ మీద ఆరేసిన చొక్కా ఒకటి మిగిలి ఉంది. వెళ్ళి దాన్ని తెచ్చి, తనే భగవాన్ చేతికిచ్చింది.

* * *

మర్నాడు పొద్దున్నే బిమ్లా ప్రో గదికి వెళ్ళింది. క్లబ్బు మేడకు కింద, మైదానం వైపు తలుపున్న చెక్కగది అది. కొత్త మనిషి వచ్చేలోగా అప్పన్న సామాను వేరుచేసి పెట్టాలి.

బల్ల మీద సగం చుట్టిన పిడితో ఒక కర్ర ఉంది. జిగురు ఎండిపోయింది. పక్షవాతం వచ్చిన పూట అప్పన్న ఆ కర్ర మీదే వాలిపోయాడు.

ఈ మైదానంలోకి అతను మొదట వచ్చింది దొరల సంచులు మోయడానికి. మెకాలిస్టర్ అనే స్కాట్లండు ప్రో దగ్గర కర్రలకు పిడులు చుట్టడం నేర్చాడు. ఆట నేర్చాడు. ఆపైన, అందరికీ రానిది, నేర్పడం నేర్చాడు. అసిస్టెంటుగానే వయసంతా గడిచిపోతుందనుకుంటున్న రోజుల్లో స్వాతంత్ర్యం వచ్చింది. ముసలి మెకాలిస్టర్ ఊరు వెళ్ళిపోతూ, "నా తరవాత అప్పన్నే, ఇంకెవర్నీ వెతక్కండి" అని కమిటీకి చెప్పిపోయాడు. తలుపు మీద కొత్త పేరు రాసిన రోజున చెరుకుతోటల్లోంచి కూడా జనం చూడడానికి వచ్చారు. మనవాడు ప్రో అయ్యాడట! ఆట ఏమిటో తెలియని వాళ్ళు కూడా అతనికి దణ్ణం పెట్టారు.

పోటీల్లో కప్పులు గెలిచాడు. అంతకన్నా, అతని దగ్గర నేర్చుకున్నవాడు ఆట మానడని పేరు తెచ్చుకున్నాడు. విసుక్కోడు. నవ్వడు. పదిసార్లు తప్పు కొట్టినా పదకొండోసారికి అదే గొంతుతో చెప్తాడు. ఆ గొంతు కోసం నాంది, బా ఊళ్ళ నుంచి కార్లు వేసుకుని వచ్చేవాళ్ళు.

కిటికీ అవతల ఏదో టక్కుమన్న చప్పుడైంది. బిమ్లా తొంగి చూసింది.

ప్రాక్టీసు మైదానం చివర అప్పన్న నిలబడి ఉన్నాడు. డాక్టరు నడవమన్నాడని రోజూ పొద్దున గుడిదాకా వెళ్ళొస్తున్నాడని ఆమె అనుకుంటోంది. గుడి కాదు, ఇక్కడికి. ఎడమచేతిలో పొట్టి కర్ర. బంతి కాస్త దూరం దొర్లి ఆగింది. మరొకటి కొట్టాడు. కాలు తడబడి మోకాలి మీద పడ్డాడు. గడ్డి చూసుకునే మేస్త్రీ ఎపేలి పరుగున వచ్చి చెయ్యందిస్తే ఆ చెయ్యి నెట్టేశాడు. కర్ర నేలకు పొడిచి, దాన్ని పట్టుకుని తనే లేచాడు. మళ్ళీ బంతి ముందు నిలబడ్డాడు.

ఎపేలి చేసేది లేక గది వైపు వచ్చాడు. ఇద్దరూ కుర్రతనం నుంచీ స్నేహితులు. ఎపేలి ఈ దీవుల మూలజాతివాడే అయినా, మాట్లాడే హిందీలో అప్పన్న నుడికారమే ఉంటుంది.

"బిమ్లా, ఒక్క మాట. వెళ్ళేలోపు వాడికి తాబేలు కూర పెట్టించు. నేను మా ఊళ్ళో అడుగుతాను."

"తాబేలా? మా ఇంట్లో ఎవరు తింటారు?"

"మరి రోజూ అదే అడుగుతాడే! లంబాసా వెళ్ళిపోతున్నావటగా అన్నానంటే చాలు, నా చొక్కా పట్టుకుని వోను, వోను అంటాడు. మా భాషలో వోను అంటే తాబేలు."

బిమ్లాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. అది సగంలోనే ఆగిపోయింది.

"లంబాసా అన్నప్పుడే అంటాడా?"

"ఆఁ. ఆ పేరు ఎత్తితేనే."

"ఎలా అంటాడు? సంతోషంగానా?"

ఎపేలి తన చొక్కా మెడ చూపించాడు. గుండీ ఊడిపోయి ఉంది.

* * *

లౌటోకా మార్కెట్లో కూరలమ్మే గంగ కాకీ తెలుగు మనిషి. బిమ్లా బుట్ట కూడా దించకుండా అడిగింది.

"కాకీ, పోను అంటే ఏమిటి?"

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు. అర్థం చెప్పు."

"హమ్ నహీ జాయెగా. వెళ్ళను అని."

"మరి వెళ్తాను అనాలంటే?"

"పోతాను."

"రెండూ ఒకేలా వినిపిస్తాయా? పొరపాటు పడతారా ఎవరైనా?"

గంగ కాకీ చిక్కుడుకాయలు కట్టలు కడుతున్నదల్లా ఆగి, ఆమెను ఎగాదిగా చూసింది. "తెలుగు తెలిసినవాళ్ళు పొరపడరమ్మా. ఏం, ఏమైంది?"

బిమ్లా అప్పటికే బస్సు వైపు నడిచింది.

* * *

మునెమ్మ వంటింట్లో కొబ్బరి పచ్చడి నూరుతోంది. బిమ్లా ఆమె ఎదట పీట వాల్చుకుని కూర్చుంది.

"అమ్మా, పోను అంటే ఏమిటి?"

రాయి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం, మీరు మాత్రం చెప్పలేదు."

మునెమ్మ పచ్చడి గిన్నెలోకి తీసింది. రాయి కడిగింది. చెయ్యి కడుక్కుంది. ఆ పనులన్నీ అయ్యేదాకా బిమ్లా కదల్లేదు.

"అబద్ధమే చెప్పాను," అంది చివరికి. "దేవుడి ముందైనా అదే చెప్తాను. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆదివారం వాడు క్లబ్బుకి పోతానని పట్టుబడితే వెనకాలే నేనూ వెళ్ళాను. కంచె అవతల నిలబడ్డాను. మెంబర్లు వాడి చుట్టూ చేరి, చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచారు. చంటిపిల్లాడి భుజం తట్టినట్టు తట్టారు. వాడు నోరు తెరిచాడు. మాట కోసం పెనుగులాడుతున్నాడు. ఒక్కడు ఆగాడా? ఒక్కడు విన్నాడా? నవ్వి, చెయ్యూపి, బంతుల వెనకాల పోయారు. నా కొడుకు అక్కడే నిలబడిపోయాడు, నోరు తెరుచుకుని."

"వాళ్ళ చేత సార్ అనిపించుకున్నాడు నా కొడుకు. అక్కడే వాడి మీద జాలిపడనివ్వను. ఒక కొడుకుని మట్టికిచ్చాను. వీణ్ణయినా నా కళ్ళముందు పొలంలో, నీడలో ఉంచుకుంటాను. తప్పా?"

"తప్పే," అంది బిమ్లా. "ఆయనకు ఇప్పుడు ఒక్కటే నోరుంది అమ్మా. మీది. దాన్ని కూడా మీరు మూసేశారు."

"నీ నోరేమైంది?" మునెమ్మ గిర్రున తిరిగింది. "ఇన్నేళ్ళ కాపురంలో వాడి భాష ఒక్క ముక్క నేర్చుకున్నావా? నీ కూతుర్ని నేర్చుకోనిచ్చావా? నవువాలో కాపురం చేస్తున్న ఆ మంజు నిన్న ఫోన్లో నాన్నా అని ఏడుస్తుంటే, వాడు చెప్పింది దానికి అర్థం కాలేదు!"

"మీరు నేర్పారా? నేను గదిలోకి వస్తే మాట ఆపేసేవాళ్ళు."

"నేను నోరు తెరిస్తే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి."

రెండూ నిజాలే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పొయ్యి మీద అన్నం ఉడికి పొంగుతున్నా ఎవరూ లేవలేదు.

"ఇప్పుడు నేర్పండి," అంది బిమ్లా.

"ఎందుకు?"

"ఆయన్ని క్లబ్బుకి తీసుకెళ్తాను. ఆయన తెలుగులో పాఠం చెప్తే నేను హిందీలో చెప్తాను."

మునెమ్మ ఆమెను చూసి, తల అడ్డంగా ఊపింది. "ఆ నవ్వులాటకు నేను రాను. నేర్పను కూడా."

వాకిట్లో ఏదో కదిలింది. భగవాన్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో, మొహం వాడిపోయి ఉంది.

"ఆజీ, చాచా రానన్నాడా? నేను ఆయన్ని బలవంతంగా మోసుకుపోయేవాణ్ణా?"

మునెమ్మ తల దించుకుంది. ఆమె తల దించుకోవడం భగవాన్ ఎన్నడూ చూడలేదు. లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి చొక్కాలన్నీ తీసి మళ్ళీ కొక్కేలకు తగిలించాడు.

* * *

రామ్ నారాయణ లాయరు. క్లబ్బుకు ఆ ఏడు కెప్టెన్. బిమ్లాను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆమె చెప్పేదంతా విన్నాడు.

"నేను ఆట నేర్చుకుంది అప్పన్న దగ్గరే. మరిచిపోలేదు," అన్నాడు. "కానీ బెహన్, మాట లేని గురువు ఎలా నేర్పుతాడు?"

"మాట ఉంది. మీకు రాదు, అంతే. నాకూ రాదు. నేర్చుకుంటున్నాను."

"కొత్తాయన సోమవారం దిగుతున్నాడు. అంతా అయిపోయింది."

"శనివారం పొద్దున ఒక్క పాఠం చెప్పనివ్వండి. మీకు నచ్చిన మనిషిని పెట్టండి. ఆయన నేర్పలేకపోతే ఆదివారం నేనే ఆయన్ని బస్సెక్కిస్తాను. మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

రామ్ నారాయణ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. కాదనడానికి మర్యాదైన మాట వెతుకుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. లేవకుండా కూర్చుంది. టీ చల్లారిపోయింది. బయట గుమాస్తా రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు.

"సరే," అన్నాడు చివరికి. "శనివారం."

* * *

ఆ సాయంత్రం వరండాలో బిమ్లా భర్త ఎదట కూర్చుని తన చెయ్యి ఎత్తి చూపించింది.

"ఇదేమిటి?"

అప్పన్నకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"చెయ్యి."

"చెయి."

"చె-య్యి."

భుజం, మోకాలు, తల. మెల్లిగా. గట్టిగా. చూడు. వదులు. ఒక్కొక్క మాటకు అతను పెనుగులాడాడు. కొన్ని రాకపోతే కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. దొరికినప్పుడు ఆమె చేత పదిసార్లు అనిపించాడు. తప్పు పలికితే విసుక్కోలేదు, నవ్వలేదు. ఎడమ కనుబొమ్మ కాస్త ఎత్తి ఆగేవాడు. మైదానంలో శిష్యుల ముందు అలా ఆగుతాడని ఆమె ఎన్నోసార్లు విన్నది. ఇప్పుడు చూసింది. పెళ్ళయ్యాక అతను ఆమెకు పాఠం చెప్పడం అదే మొదలు.

లోపల వంటింట్లో, బిమ్లా మాట తప్పు పలికినప్పుడల్లా ఒక గిన్నె గట్టిగా చప్పుడయ్యేది.

శుక్రవారమంతా అదే పని. కూర తరుగుతూ, బట్టలు ఉతుకుతూ, మాటలు నోట్లో నానబెట్టుకుంది. ఆ రోజు గిన్నెల చప్పుడు కొంచెం తగ్గింది.

* * *

శనివారం పొద్దున ప్రాక్టీసు మైదానంలో అనుకున్నదానికన్నా ఎక్కువమంది చేరారు. వార్త పాకింది. కమిటీవాళ్ళు ఇద్దరు ముగ్గురు గొడుగు కింద నిలబడ్డారు. ఎపేలి పని మానేసి వచ్చాడు. భగవాన్ పినతండ్రి కోసం కుర్చీ మోసుకొచ్చాడు. అప్పన్న కూర్చోలేదు.

మునెమ్మ రాలేదు.

రామ్ నారాయణ ఎంచిన శిష్యురాలు కాంతి. బ్యాంకులో పనిచేస్తుంది. కొత్తగా మెంబరైంది. అంతమంది కళ్ళు తన మీదుండడంతో ఆమె కర్రను బిగించి పట్టుకుంది. మొదటి బంతి కుడివైపు పొదల్లోకి పోయింది. రెండోదీ అటే పోయింది.

అప్పన్న దగ్గరికి వెళ్ళాడు. కుడికాలు ఈడ్చుకుంటూ ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమచేత్తో ఆమె భుజం తాకి చెప్పాడు.

"వదులు."

"భుజం బిగించకండి," అంది బిమ్లా హిందీలో. వచ్చింది! ఆ మాట తనకు వచ్చింది.

"తల... కదల... కూడదు."

"తల కదపకండి."

మూడో బంతి కుడికే పోయినా, తక్కువ పోయింది. కాంతి ఊపిరి తీసుకుంది. నాలుగోది చాలా గట్టిగా కొట్టబోయి నేలను తవ్వింది. గొడుగు కింద ఎవరో దగ్గారు. రామ్ నారాయణ గడియారం చూసుకున్నాడు.

అప్పన్న ఆమె చేతుల వైపు చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట.

"చెరుకు... నరికినట్టు... కాదు. ఉయ్యాల... ఉయ్యాల ఊపినట్టు."

చెరుకు అన్నది బిమ్లాకు తెలుసు. కాదు అన్నదీ తెలుసు. ఆ చివరి మాట? అతను మళ్ళీ అన్నాడు. ఆమె పెదవులతో దాన్ని పలికి చూసుకుంది. నేర్చుకున్న మాటల్లో అది లేదు. కాంతి ఆమె వైపు చూస్తోంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. ఎవరికి తెలుస్తుంది? అబద్ధపు మాటతో ఇతన్ని మరోసారి మూసెయ్యడం తనవల్ల కాదు.

"నాకు తెలియదు," అంది పైకి. "ఈ మాట నాకు రాదు."

"ఝూలా."

గొంతు వెనకనుంచి వచ్చింది. జనం పక్కకు జరిగారు. తెల్లచీర కట్టుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మునెమ్మ గడ్డి మీద చెప్పులు లేకుండా నడిచి వస్తోంది. కంచె ఇవతలికి ఆమె రావడం ఇదే మొదలు.

"చెరుకు నరికినట్టు కాదమ్మాయ్," అంది కాంతితో హిందీలో. "ఉయ్యాల ఊపినట్టు. ఊపితే అదే వెళ్తుంది, అదే వస్తుంది. పిల్లల్ని ఊపావా ఎప్పుడన్నా?"

"చెల్లెల్ని ఊపాను, ఆజీ."

"అలాగే."

కాంతి కళ్ళు ఒక్క క్షణం మూసుకుని తెరిచింది. కర్ర వెనక్కి వెళ్ళింది. తొందరపడకుండా ముందుకు వచ్చింది. బంతి లేచింది. గొడుగు కింది వాళ్ళు తలలెత్తారు. అది నేరుగా వెళ్ళి, మైదానం నడిమధ్య పడి దొర్లింది.

ఎపేలి పెద్దగా కేక పెట్టాడు. కాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పన్న మాత్రం బంతి వైపు చూడనే లేదు. కాంతి పాదాలు చూస్తున్నాడు. ఇంకా సరిదిద్దాల్సింది ఉందన్నట్టు.

ఆ తరవాత కుడికి పోయినవీ ఉన్నాయి. నేరుగా పోయినవీ ఉన్నాయి. తల్లి ఒక మాట, కోడలు ఒక మాట, ఇద్దరూ కలిసి పాఠం నడిపించారు. చివరికి రామ్ నారాయణే చెయ్యెత్తి ఆపాడు.

"అప్పన్నా, నేను చూశాను," అన్నాడు ఇంగ్లీషులో. గొంతు మెత్తబడింది. "కమిటీతో మాట్లాడతాను. కొత్తాయనతో ఒప్పందం అయిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేం. కానీ నిన్ను పంపెయ్యం. ఆయన కింద అసిస్టెంటుగా ఉండు. ఇల్లు కూడా చిన్నది ఏదైనా చూపిస్తాను."

బిమ్లాకు దుకాణంలో పనికొచ్చేంత ఇంగ్లీషు వచ్చు. అంతా అర్థమైంది. పని ఉంటుంది. ఇల్లు ఉంటుంది. లంబాసా వెళ్ళక్కర్లేదు. సరేనందామని నోటిదాకా వచ్చింది.

కానీ భర్త మొహం చూసి ఆగింది.

అప్పన్న కర్ర మీద బరువాన్చి నిలబడ్డాడు. పెదవి వణికింది. తెలుగు కోసం కాదు, అతను ఇంకా లోతుగా ఎక్కడో వెతుకుతున్నాడు. మెడ బిగిసింది. ఎపేలి ముందుకు రాబోతే భగవాన్ పట్టుకుని ఆపాడు.

"నో," అన్నాడు అప్పన్న.

అతను ఎడమచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"ప్రో."

ఆసుపత్రి నుంచి వచ్చాక అతని నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు అదే.

మునెమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడే? ఆ లాయరు ఏమన్నాడు? వీడేమన్నాడు?"

బిమ్లా అత్తగారి వైపు తిరిగింది. హిందీలో చెప్పడం సులువు. తెలుగులో చెప్పింది.

"చిన్న పని... ఇస్తాడు. ఆయన వద్దు అన్నాడు. పెద్దదే... కావాలి."

మునెమ్మ కళ్ళు చికిలించి ఆమెను చూసింది. మాట తప్పో ఒప్పో చెప్పలేదు. మోచేతి మీద పట్టు మాత్రం వదల్లేదు.

రామ్ నారాయణ టోపీ తీసి చేతిలో తిప్పాడు. మెచ్చుకోలు, చిరాకు రెండూ కలిసి ఉన్నాయి అతని మొహంలో.

"ఇది నేను కమిటీకి చెప్పలేను," అన్నాడు హిందీలోకి మారి. "సోమవారం సాయంత్రం వాళ్ళు మేడ మీది హాల్లో కూర్చుంటారు. కొత్తాయనా ఉంటాడు. అప్పన్నే పైకి వచ్చి చెప్పాలి."

"హాల్లోకా?" అన్నాడు ఎపేలి. మెంబర్లు కూర్చునే ఆ హాల్లో మెకాలిస్టర్ కూడా ఏనాడూ కుర్చీ వేసుకుని కూర్చోలేదు.

"హాల్లోకే. అందరి ముందూ. అక్కడ నోరు పెగలకపోతే నేను కూడా ఏమీ చెయ్యలేను. కావాలంటే, నేను ఇప్పుడిచ్చిన మాట తీసుకోండి. రేపటిదాకా ఉంటుంది."

"చాచీ," అన్నాడు భగవాన్ నెమ్మదిగా, "అసిస్టెంటు పనంటే తక్కువేం కాదు. సోమవారం వాళ్ళు కాదంటే అదీ పోతుంది. ఆలోచించు."

బిమ్లా ఆలోచించింది. చేతిలో ఉన్నదీ, చేతికి రానిదీ రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. ఈ ఒక్క జవాబు మాత్రం తను చెప్పకూడదని ఆమెకు తెలుసు. భర్త వైపు తిరిగింది. ఈ వారంలో నేర్చుకున్న నాలుగు మాటల్లోంచి ఏరుకుని, అందరూ వింటుండగా తెలుగులో అడిగింది.

"పైకి... వస్తావా?"

అప్పన్న మేడ వైపు చూశాడు. నున్నటి మెట్లు, ఎత్తుగా, పట్టుకోవడానికి కుడివైపు మాత్రమే కమ్మీ ఉన్న మెట్లు. అతను ఒకసారి తన కుడిచేతిని చూసుకున్నాడు. తరవాత తల్లి మొహంలోకీ, భార్య మొహంలోకీ చూశాడు.

"నేర్పు," అన్నాడు బిమ్లాతో. "హాల్లో... చెప్పే మాట. ఇంగ్లీషు... నువ్వు నేర్పు నాకు."

ఈసారి ఆమె అర్థం కోసం ఎవరి వైపూ చూడలేదు. సోమవారానికి ఉన్నది రెండు రోజులు. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు దుకాణానికి సరిపోయేంత.

"పదండి ఇంటికి," అంది. "మొదలుపెడదాం."